పోటీ చట్టం కింద యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేయడం ఎలా

యూరోపియన్ యూనియన్‌లో వ్యాపారం చేసే చిన్న సంస్థలకు పెద్ద సంస్థలతో ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. సరఫరాదారు తాను చెప్పిన ధరకన్నా తక్కువకు అమ్మవద్దంటాడు, పొరుగు దేశపు కొనుగోలుదారుకు సరుకు పంపవద్దంటాడు, లేదా మార్కెట్‌ను గుప్పిట్లో పెట్టుకున్న సంస్థ తన సొంత సేవను ముందు నిలిపి మిగతావారిని కనబడకుండా చేస్తుంది. ఇటువంటి నడవడికవల్ల నష్టపోయినవారు బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ కమిషన్‌కు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసుకోవచ్చు. దానికి రుసుము లేదు, న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. అయితే అందిన ప్రతి ఫిర్యాదునూ కమిషన్ పూర్తిస్థాయిలో విచారించదు. నిలబడని ఫిర్యాదులను బలహీనపరిచే లోపాలలో నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది ఇది: ఫిర్యాదుదారు తనకు జరిగిన నష్టాన్ని వివరంగా చెబుతాడు గానీ, మార్కెట్‌లో పోటీకి జరిగిన హానిని చూపించడు. ఆ రెండింటికీ ఉన్న తేడాను మొదటి పేజీ నుంచి పట్టుకుని ఫిర్యాదును ఎలా సిద్ధం చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా తేల్చుకోవలసింది: ఏ అధికరణ?

ఈ చట్టానికి మూలం 1957లో కుదిరిన రోమ్ ఒప్పందం. అందులో 85, 86 అధికరణలుగా ఉన్న నిబంధనలే, 2009 డిసెంబరు 1న లిస్బన్ ఒప్పందం అమలులోకి వచ్చినప్పటి నుంచి, యూరోపియన్ యూనియన్ కార్యనిర్వహణ ఒప్పందంలోని 101, 102 అధికరణలుగా చలామణిలో ఉన్నాయి. పాత తీర్పులు చదివేటప్పుడు ఈ సంఖ్యల మార్పును గుర్తుంచుకోవాలి.

101వ అధికరణ సంస్థల మధ్య ఒప్పందాలకు, వ్యాపార సంఘాల నిర్ణయాలకు, రాతపూర్వక ఒప్పందం లేకపోయినా కూడబలుక్కుని నడిచే తీరుకు వర్తిస్తుంది. అవి సభ్యదేశాల మధ్య వర్తకాన్ని ప్రభావితం చేయగలిగేవై ఉండాలి, వాటి లక్ష్యంగానో ఫలితంగానో పోటీ దెబ్బతినాలి. అలాంటి ఒప్పందం అదే అధికరణలోని రెండవ భాగం ప్రకారం చెల్లదు. మూడవ భాగం మినహాయింపును ఇస్తుంది: ఒప్పందంవల్ల ఉత్పత్తి లేదా పంపిణీ మెరుగుపడి, ఆ మేలులో న్యాయమైన వాటా వినియోగదారులకు దక్కి, పెట్టిన ఆంక్షలు ఆ మేలుకు అనివార్యమై, పోటీ పూర్తిగా తుడిచిపెట్టుకుపోకుండా ఉంటే దానిని నిషేధించరు. ఎదుటి పక్షం ఈ నాలుగు షరతుల మీదే తన వాదనను నిలబెట్టుకుంటుంది కాబట్టి, వాటికి జవాబు మీరు ముందుగానే ఆలోచించి ఉంచుకోవాలి.

102వ అధికరణ ఒకే సంస్థ లేదా కొన్ని సంస్థలు ఉమ్మడిగా మార్కెట్‌లో ఉన్న ఆధిపత్య స్థితిని దుర్వినియోగం చేయడానికి సంబంధించింది. ఆధిపత్యం కలిగి ఉండడం తప్పు కాదు, దానిని దుర్వినియోగం చేయడమే తప్పు. బాగా పనిచేసి పెద్దదైన సంస్థపై కేవలం దాని పరిమాణాన్ని చూపించి ఫిర్యాదు చేస్తే ప్రయోజనం ఉండదు.

ఈ రెండింటిలోనూ ఇమడని సమస్యలు చాలా ఉన్నాయి. బకాయి చెల్లించకపోవడం, ఒప్పందంలోని గడువును ఉల్లంఘించడం, నాసిరకం సరుకు పంపడం వంటివి సాధారణ న్యాయస్థానాల పని. ఆధిపత్యం లేని సరఫరాదారు తనంత తానుగా, ఎవరితోనూ కూడబలుక్కోకుండా, మీకు సరుకు తగ్గించడం కూడా మామూలుగా ఉల్లంఘన కాదు. బేయర్ సంస్థ అదాలత్ అనే మందును స్పెయిన్, ఫ్రాన్స్ టోకు వర్తకులకు తగ్గించి సరఫరా చేసిన వ్యవహారంలో, ఏకపక్ష చర్యను ఒప్పందంగా భావించలేమని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2004లో చెప్పింది. రెండు పక్షాల సమ్మతిని చూపించే ఆధారం లేకపోతే 101వ అధికరణ కింద మీ ఫిర్యాదు ఇక్కడే ఆగిపోతుంది.

ఒప్పందంపై ఫిర్యాదు అయితే

మీ ఫిర్యాదు పంపిణీ ఒప్పందం గురించి అయితే, 2022 జూన్ 1 నుంచి అమలులో ఉన్న 2022/720 రెగ్యులేషన్‌ను (సభ్యదేశాలన్నిటికీ నేరుగా వర్తించే యూనియన్ చట్టాన్ని రెగ్యులేషన్ అంటారు) తప్పనిసరిగా చదవాలి. సరఫరాదారు మార్కెట్ వాటా, కొనుగోలుదారు మార్కెట్ వాటా రెండూ 30 శాతం మించకపోతే, వారి మధ్య ఒప్పందానికి ఈ రెగ్యులేషన్ సామూహిక మినహాయింపును ఇస్తుంది, అంటే అలాంటి ఒప్పందాలన్నిటినీ ఒక్కమారుగా 101వ అధికరణ నిషేధం నుంచి తప్పిస్తుంది. అయితే కొన్ని తీవ్రమైన ఆంక్షలుంటే ఆ రక్షణ మొత్తం ఒప్పందానికే పోతుంది. పునర్విక్రయ ధరను ఖరారు చేయడం లేదా కనిష్ఠ ధరను విధించడం అందులో మొదటిది. ధరను సూచించడం, గరిష్ఠ ధరను పెట్టడం అనుమతించినవే, కానీ సూచిత ధరను పాటించనివారికి సరుకు ఆపేస్తామని బెదిరిస్తే అది ఖరారు చేసిన ధరే అవుతుంది. కొనుగోలుదారు తనంత తానుగా వెతుక్కుంటూ వచ్చినప్పుడు కూడా అమ్మవద్దని ప్రాంతాన్నిబట్టి కట్టడి చేయడం, ఇంటర్నెట్‌ను సమర్థంగా వాడుకుని అమ్మకుండా అడ్డుకోవడం కూడా ఈ జాబితాలో ఉన్నాయి.

ఇవి కాగితం మీది నియమాలుగా మిగిలిపోలేదు. 2018 జూలైలో అసూస్, డెనాన్ అండ్ మరాంట్జ్, ఫిలిప్స్, పయొనీర్ సంస్థలపై, ఆన్‌లైన్ వర్తకుల ధరలను కట్టడి చేసినందుకు, కమిషన్ మొత్తం 11 కోట్ల యూరోలకు పైగా జరిమానా వేసింది. అదే ఏడాది డిసెంబరులో గెస్ అనే దుస్తుల సంస్థకు, చిల్లర వర్తకులు పొరుగు సభ్యదేశాల వినియోగదారులకు అమ్మకుండా అడ్డుకోవడంతో సహా పలు ఆంక్షలు పెట్టినందుకు, దాదాపు 4 కోట్ల యూరోల జరిమానా పడింది. మీ వ్యవహారం వీటిని పోలి ఉంటే ఆ నిర్ణయాల బహిరంగ ప్రతులను చదివి, ఏ వాస్తవాలు కమిషన్‌కు ముఖ్యమయ్యాయో గమనించి, మీ దగ్గర అలాంటి వాస్తవాలు ఏవున్నాయో సరిచూసుకోవాలి. నాకు తెలిసిన సాధనలో ఇంతకన్నా ఉపయోగపడేది లేదు.

చాలా చిన్న ఒప్పందాల విషయంలో 2014 నాటి స్వల్పప్రభావ నోటీసు అడ్డువస్తుంది. పోటీదారుల మధ్య ఒప్పందంలో ఉమ్మడి వాటా 10 శాతం లోపు, పోటీదారులు కానివారి మధ్య ఒక్కొక్కరి వాటా 15 శాతం లోపు ఉంటే, ధర నిర్ణయం, మార్కెట్ పంపకం వంటి తీవ్రమైన ఆంక్షలు లేనంతవరకు, కమిషన్ పట్టించుకోదు.

ఆధిపత్య దుర్వినియోగంపై ఫిర్యాదు అయితే

ఇక్కడ ఎక్కువ శ్రమ మార్కెట్‌ను నిర్వచించడంలోనే ఉంటుంది. ఆ సంస్థ అమ్మే వస్తువుకు బదులుగా కొనుగోలుదారులు దేనికి మళ్లగలరు, ఎంత భౌగోళిక ప్రాంతంలో మళ్లగలరు అన్నదే ప్రశ్న. దానికి వాడే పరీక్ష సరళమైనదే: ధర 5 నుంచి 10 శాతం మేర, కొద్దిగానైనా నిలకడగా పెరిగితే, లాభం రాకుండా పోయేంతమంది కొనుగోలుదారులు వేరే వస్తువుకు మారతారా? మారితే ఆ వేరే వస్తువు కూడా అదే మార్కెట్‌లో ఉన్నట్టు. కమిషన్ 1997లో వెలువరించిన మార్కెట్ నిర్వచన నోటీసును 2024 ఫిబ్రవరిలో సవరించింది. డబ్బు తీసుకోకుండా ఇచ్చే సేవలకు ధర పరీక్ష సరిపోదు కనుక నాణ్యత తగ్గుదలను లెక్కలోకి తీసుకునే పద్ధతిని కూడా కొత్త నోటీసు చర్చిస్తుంది.

మీ ప్రత్యర్థికి ఆధిపత్యం ఉందని చూపించడానికి మార్కెట్‌ను మీకు అనుకూలంగా మరీ ఇరుకుగా గీయవద్దు. కమిషన్ అధికారులు ఆ రంగంలో అంతకుముందు ఇచ్చిన నిర్ణయాలను పక్కన పెట్టుకుని చదువుతారు, అతికిన గీత వెంటనే బయటపడుతుంది, దానితోపాటు మిగతా ఫిర్యాదుపైన నమ్మకం కూడా సడలుతుంది. వాటా చాలాకాలంగా 50 శాతం దాటి ఉంటే, అసాధారణ పరిస్థితులు లేకపోతే, ఆధిపత్యం ఉన్నట్టు భావించవచ్చని ఆక్జో అనే సంస్థ వ్యవహారంలో యూనియన్ న్యాయస్థానం 1991లో చెప్పింది. 40 శాతం లోపు ఉంటే ఆధిపత్యం ఉండే అవకాశం తక్కువని కమిషన్ 2009లో ప్రచురించిన మార్గదర్శకంలో పేర్కొంది. వాటా ఒక్కటే చాలదు. కొత్తవారు ఆ మార్కెట్‌లోకి ఎందుకు రాలేకపోతున్నారో, పెద్ద కొనుగోలుదారులు ఎందుకు ఎదురుతిరగలేకపోతున్నారో కూడా రాయాలి.

ఆ తరువాత, దుర్వినియోగం మార్కెట్‌ను ఎలా మూసివేస్తున్నదో చెప్పాలి. ప్రత్యేక కొనుగోలు షరతుతో కూడిన రాయితీ, ఖర్చుకన్నా తక్కువ ధర, ఒక వస్తువుతో మరొకటి ముడిపెట్టడం, తన సేవకే ప్రాధాన్యం ఇచ్చుకోవడం అన్నవాటిలో ఏదైనా సరే, సమానంగా సమర్థమైన పోటీదారుడు కూడా దానివల్ల నిలవలేడని, దాని ఫలితం వినియోగదారుల దాకా చేరుతుందని గొలుసుకట్టుగా చూపించాలి. ఇంటెల్ సంస్థ రాయితీలపై 2017లో వచ్చిన తీర్పు తరువాత, ఇలాంటి వ్యవహారాల్లో ప్రత్యర్థి సాక్ష్యాలతో ఎదురు నిలిస్తే కమిషన్ ఈ లెక్కలన్నీ తవ్వవలసి వస్తుంది.

ఏ తలుపు తట్టాలి

2004 మే 1 నుంచి అమలులో ఉన్న 1/2003 రెగ్యులేషన్ ప్రకారం ఈ రెండు అధికరణలను కమిషన్‌తోపాటు సభ్యదేశాల పోటీ సంస్థలు, జాతీయ న్యాయస్థానాలు కూడా అమలు చేస్తాయి. బాన్‌లోని బుండెస్‌కార్టెల్ఆమ్ట్, పారిస్‌లోని పోటీ సంస్థ, రోమ్‌లోని పోటీ, మార్కెట్ పర్యవేక్షణ సంస్థ ఇలాంటివే. మూడుకు మించిన సభ్యదేశాల్లో పోటీ దెబ్బతింటున్నప్పుడు కమిషన్ ప్రత్యేకంగా తగిన వేదిక అని, ఈ సంస్థల మధ్య పని పంపకంపై కమిషన్ వెలువరించిన సహకార నోటీసు చెబుతుంది. సమస్య ఒకే దేశంలో ఉంటే ఆ దేశపు సంస్థకే వెళ్లడం మంచిది. భాష, స్థానిక మార్కెట్ పరిజ్ఞానం, దూరం అన్నీ అటే మొగ్గుతాయి. జాతీయ సంస్థ ఒకటి ఇప్పటికే చూస్తున్న వ్యవహారాన్ని కమిషన్ ఆ కారణం మీదే తిరస్కరించవచ్చు కనుక, ఒకే ఫిర్యాదును నాలుగుచోట్లా పంపడంవల్ల మేలు జరగదు.

డబ్బు గురించి స్పష్టంగా ఉండాలి. కమిషన్ విధించే జరిమానా, అది అంతకుముందు సంవత్సరపు ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 10 శాతం దాకా వెళ్లగలిగినా, యూరోపియన్ యూనియన్ బడ్జెట్‌కు చేరుతుంది, ఫిర్యాదుదారుకు ఒక్క యూరో కూడా రాదు. పరిహారం ఇవ్వగలిగేది జాతీయ న్యాయస్థానమే. ఉల్లంఘనవల్ల నష్టపోయిన ఎవరైనా పరిహారం కోరవచ్చని కరేజ్, క్రెహాన్ వ్యవహారంలో యూనియన్ న్యాయస్థానం 2001లో తేల్చింది, 2014/104 డైరెక్టివ్ (సభ్యదేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవలసిన యూనియన్ చట్టం) దానికి విధానాన్ని ఏర్పరచింది. వెంటనే ఉపశమనం కావాలంటే కూడా జాతీయ న్యాయస్థానం తాత్కాలిక ఉత్తర్వే మెరుగైన దారి. కమిషన్‌కు కూడా ఆ అధికారం ఉంది గానీ, 2019లో బ్రాడ్‌కామ్ విషయంలో వాడినప్పుడు అది 18 ఏళ్లలో మొదటిసారి.

ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మీ సంస్థే కార్టెల్‌లో, అంటే పోటీదారులు రహస్యంగా కూడబలుక్కున్న కూటమిలో, భాగస్వామి అయి ఉంటే మీరు రాయవలసింది ఫిర్యాదు కాదు, లీనియెన్సీ దరఖాస్తు, అంటే తప్పును బయటపెట్టి జరిమానా నుంచి మినహాయింపు లేదా తగ్గింపు కోరే దరఖాస్తు. ట్రక్కుల కార్టెల్‌లో 2016లో 293 కోట్ల యూరోల జరిమానా పడినప్పుడు, ముందుగా బయటపెట్టిన ఎంఏఎన్ సంస్థకు జరిమానా పడలేదు. ఈ పనిలో వరుసలో ముందుండడం చాలా ముఖ్యం కనుక అప్పుడు మాత్రం న్యాయవాది దగ్గరకు ఆలస్యం లేకుండా వెళ్లాలి.

ఆధారాలు, ఫారం సి

రాయడం మొదలుపెట్టేముందు తేదీల వారీ పట్టిక ఒకటి తయారుచేయండి. ఏ రోజున ఎవరు ఎవరికి ఏమి రాశారు, ధర ఎప్పుడు మారింది, సరఫరా ఎప్పుడు ఆగింది, దానికి పక్కనే ఏ పత్రం ఆధారం అన్నది ఉండాలి. మీకు నేరుగా తెలిసినది, ఇతరులు చెప్పగా విన్నది, మీరు ఊహించినది మూడింటినీ వేరువేరుగా చూపండి. ఊహను ఊహ అని రాస్తే దానికి విలువ ఉంటుంది, వాస్తవంలా రాస్తే మిగతా వాస్తవాలను కూడా అది పలచన చేస్తుంది.

అధికారిక ఫిర్యాదు 773/2004 రెగ్యులేషన్‌కు అనుబంధమైన ఫారం సి ప్రకారం, యూనియన్ అధికార భాషల్లో ఏదో ఒకదానిలో ఉండాలి. అందులో నాలుగు భాగాలున్నాయి: ఫిర్యాదుదారు, ఎదుటి సంస్థల వివరాలు; ఆరోపించిన ఉల్లంఘన, దాని ఆధారాలు; కమిషన్ నుంచి కోరుతున్న నిర్ణయం, మీకున్న చట్టబద్ధమైన ఆసక్తి; ఇదే విషయంపై ఇతర సంస్థలు, న్యాయస్థానాల ముందున్న వ్యవహారాలు. చట్టబద్ధమైన ఆసక్తి అంటే ఆ నడవడిక మీ ప్రయోజనాలను నేరుగా, ప్రతికూలంగా తాకగలదని చూపించడం. వినియోగదారుల సంఘాలకు ఆ అర్హత ఉంటుంది. కేవలం లోకహితం కోరి ముందుకొచ్చిన వ్యక్తికి ఫిర్యాదుదారు హోదా దొరకదు, అతను ఇచ్చినది మార్కెట్ సమాచారంగా మాత్రమే స్వీకరిస్తారు.

రహస్య సమాచారం తీసేసిన మరొక ప్రతిని కూడా జతచేయాలి. ఈ ప్రతిని ఆషామాషీగా తయారుచేయవద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే అది ఎదుటి సంస్థ చేతికి వెళ్లగలదు. హాఫ్‌మన్ లా రోష్ అనే మందుల సంస్థలో పనిచేసిన స్టాన్లీ ఆడమ్స్ 1973లో ఆ సంస్థ అక్రమాలను కమిషన్‌కు తెలియజేశాడు. విచారణలో కమిషన్ ఆ సంస్థకు అందించిన పత్రాల ఆధారంగా వారు అతన్ని గుర్తుపట్టారు, స్విట్జర్లాండ్‌లోకి ప్రవేశించినప్పుడు అతన్ని అరెస్టు చేశారు. కమిషన్ గోప్యతా బాధ్యతను నెరవేర్చలేదని న్యాయస్థానం 1985లో నిర్ధారించింది, కానీ పత్రాలనుబట్టి తనను గుర్తించే వీలుందని అతను ముందుగా హెచ్చరించలేదన్న కారణంతో బాధ్యతను సగానికే పరిమితం చేసింది. కాబట్టి ఏ పత్రం మీ దగ్గరే ఉండే అవకాశం ఉందో, ఏ తేదీ, ఏ చేతిరాత మిమ్మల్ని పట్టిస్తుందో విడివిడిగా రాసి ఇవ్వండి. పేరు చెప్పకుండా సమాచారం ఇవ్వాలనుకునేవారి కోసం 2017 నుంచి కమిషన్ అజ్ఞాత సందేశ వ్యవస్థను నడుపుతోంది, అయితే ఆ దారిలో వచ్చినవారికి ఫిర్యాదుదారు హక్కులుండవు.

పంపిన తరువాత

ఏమి చేయదలచుకున్నదీ నాలుగు నెలల్లో తెలియజేయడానికి కమిషన్ ప్రయత్నిస్తుంది. ఇది సూచనాత్మక గడువే. ఆటోమెక్ వ్యవహారంలో 1992లో వచ్చిన తీర్పు ప్రకారం కమిషన్ ఫిర్యాదును శ్రద్ధగా పరిశీలించాలి గానీ, ప్రాధాన్యాలను తానే నిర్ణయించుకోవచ్చు, యూనియన్ ప్రయోజనం తక్కువనే కారణంతో వదిలేయవచ్చు. అందుకే ఎన్ని దేశాల్లో ప్రభావం ఉంది, ఎంతమంది వినియోగదారులకు తగులుతోంది, ఇది ఎంత కాలంగా సాగుతోంది అన్నవి మీ ఫిర్యాదులోనే ఉండాలి.

తిరస్కరించదలిస్తే కమిషన్ ముందుగా కారణాలతో లేఖ రాసి, కనీసం నాలుగు వారాల గడువు ఇస్తుంది. ఆ గడువులోపు జవాబు ఇవ్వకపోతే ఫిర్యాదును ఉపసంహరించుకున్నట్టే భావిస్తారు, కనుక ఆ లేఖను ఒక్కరోజు కూడా పక్కన పెట్టకూడదు. జవాబు ఇచ్చినా తిరస్కరణ నిర్ణయమే వస్తే లక్సెంబర్గ్‌లోని జనరల్ కోర్టులో రెండు నెలల్లో సవాలు చేయవచ్చు, అక్కడ న్యాయవాది తప్పనిసరి. విచారణ ముందుకు సాగితే, ఎదుటి సంస్థపై ఆరోపణలను కమిషన్ వివరించే అభ్యంతరాల పత్రం, రహస్య సమాచారం తీసేసిన ప్రతిగా మీకు అందుతుంది, దానిపై రాతపూర్వకంగా అభిప్రాయం చెప్పే హక్కు ఉంటుంది.

ఎంత కాలం పడుతుందన్నది నిజాయితీగా చెప్పుకోవాలి. ఫౌండెమ్ అనే బ్రిటిష్ ధరల పోలిక సంస్థ 2009 నవంబరులో గూగుల్‌పై ఫిర్యాదు చేసింది. 2010 నవంబరులో విచారణ మొదలైంది, 2017 జూన్‌లో 242 కోట్ల యూరోల జరిమానా పడింది, 2024 సెప్టెంబరు 10న న్యాయస్థానం దానిని ఖాయం చేసింది. ఈలోగా నిలదొక్కుకునే ఏర్పాటు లేనివారు ఈ ఒక్క దారి మీదే ఆధారపడడం సరికాదు.

డిజిటల్ వేదికల విషయంలో మరొక దారి తెరుచుకుంది. 2022/1925 సంఖ్య గల డిజిటల్ మార్కెట్ల చట్టం కింద 2023 సెప్టెంబరులో ఆల్ఫాబెట్, అమెజాన్, ఆపిల్, బైట్‌డాన్స్, మెటా, మైక్రోసాఫ్ట్ సంస్థలను, 2024 మేలో బుకింగ్‌ను గేట్‌కీపర్లుగా, అంటే వ్యాపారులు వినియోగదారులను చేరడానికి ద్వారంగా నిలిచిన పెద్ద వేదికల సంస్థలుగా, ప్రకటించారు. వీటి విధులు చట్టంలోనే రాసి ఉన్నాయి కనుక మార్కెట్ నిర్వచనం, ఆధిపత్య నిరూపణ అవసరం లేదు. ఏ సేవ, ఏ విధి, ఏ రోజున ఉల్లంఘన జరిగింది అన్న మూడు విషయాలు చూపిస్తే చాలు. ఆ సమాచారంపై చర్య తీసుకోవాలా వద్దా అన్నది మాత్రం పూర్తిగా అధికారుల విచక్షణే.

చివరకు ఉల్లంఘన నిర్ణయం వెలువడితే, జాతీయ న్యాయస్థానం దానికి విరుద్ధంగా తీర్పు ఇవ్వకూడదు. అంటే పరిహార దావాలో ఉల్లంఘనను మళ్లీ నిరూపించనక్కరలేదు, మీకు జరిగిన నష్టం ఎంత, దానికి కారణం అదేనా అన్నవి నిరూపించాలి. డైరెక్టివ్ ప్రకారం దావాకు కనీసం ఐదేళ్ల గడువు ఉంటుంది, విచారణ జరుగుతున్నంతకాలం ఆ గడువు ఆగుతుంది, నిర్ణయం అంతిమమైన తరువాత కనీసం ఒక సంవత్సరం వరకు అలాగే ఆగి ఉంటుంది. కోల్పోయిన అమ్మకాల ఖాతాలను, అప్పటి ధరల పట్టికలను, వదిలిపోయిన కొనుగోలుదారుల లేఖలను ఫిర్యాదు చేసిన రోజునే వేరుగా భద్రపరిస్తే, ఏళ్లు గడిచాక వేయవలసిన ఆ దావాకు అవే ఆధారమవుతాయి.